సముద్రము దాటిన చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పరదేశమునకు పోయి చదువుకొనుట నిన్న మొన్న పుట్టిన వింత కాదు. మహాభారతమున ఆదిపర్వములోనే ఆ కథ కలదు. దేవదానవ యుద్ధమున చచ్చిన దానవులను శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్యచే బ్రతికించుచుండెను. ఆ విద్య దేవతలలో ఒక్కరికిని రాదు. అప్పుడు బృహస్పతి కుమారుడైన కచుడు శత్రురాజైన వృషపర్వుని పురమునకు ఒంటరిగా పోయి, శుక్రుని యింట శిష్యుడై ఆవులను కాచెను, సమిధలు మోసెను. దానవులు అతనిని పలుమారు చంపిరి. గురుపుత్రియైన దేవయాని వేడుకొనగా గురువు మరల మరల బ్రతికించెను. తుదకు విద్య చేతికి వచ్చి ఇంటికి మరలు వేళ, తన ప్రేమను నిరాకరించెనను కోపమున దేవయాని ఆ విద్య అతనికి పనిచేయకుండునట్లు శపించెను. తనకు పనిచేయకున్నను తాను నేర్పినవారికి పనిచేయునని బదులు చెప్పి కచుడు తన లోకమునకు తిరిగిపోయెను.

ఈ కృష్ణాతీరమునకు కూడ అట్టి చరిత్ర కలదు. ఇక్ష్వాకుల కాలమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, విజయపురిలో శ్రీపర్వతముపై సింహళ విహారమను పేర ఒక విహారము ఉండెను. బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనమున తామ్రపర్ణి ద్వీపపు ఆచార్యుల ప్రశంస కలదు. కాశ్మీర, గాంధార, చీన, యవన దేశముల పేర్లును అందు కనబడును. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలముల క్రింద ఉన్నది. శిల్పములు మాత్రము కొండమీది ప్రదర్శనశాలకు చేరినవి. ఒకప్పుడు దూరదేశముల పండితులు ఈ గడ్డకు వచ్చిరి. పిమ్మట ఇచ్చటి పిల్లలు చదువు కొఱకు దూరదేశములకు పోవలసిన కాలము వచ్చెను.

ఆ కాలము వచ్చుటకు కారణము పరపాలన. బ్యారిస్టరు కాగోరువారు లండనులోనో డబ్లినులోనో న్యాయవాద సంఘమున చేరి తీరవలెను. కలెక్టరు పదవికి మెట్టయిన సివిలు సర్వీసు పరీక్ష 1922 వరకు లండనునందు మాత్రమే జరిగెడిది. కావున ఆస్తి కలవారు ఆస్తి అమ్మియు, లేనివారు అప్పు చేసియు బిడ్డలను ఓడ నెక్కించిరి. ఓడ యెక్కుటతోనే కష్టము తీరలేదు. సముద్రము దాటినవానిని కులమునుండి వెలివేయు ఆచారము నాడు బలముగా ఉండెను. 1888లో మోహనదాస్ కరమ్‌చంద్ గాంధీని బొంబాయిలో ఆయన కులపెద్దలు సభచేసి వెలివేసిరి. ఆయన తల్లియెదుట మద్యము, మాంసము, పరస్త్రీ అను మూడింటిని ముట్టనని ప్రమాణము చేసి, ఆ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఓడ యెక్కెను. అప్పటికి వయస్సు పందొమ్మిది నిండలేదు.

ఆ నగరమున ఆయనకు ఎదురైన మొదటి శత్రువు ఆకలి. ప్రమాణము నిలుపుకొన్న వానికి ఆ యింటివారు పెట్టునది ఉడికించిన కూర, రొట్టె ముక్కలు మాత్రమే. మరి రెండు రొట్టెలు అడుగుటకు సిగ్గు. ఇట్టి అవస్థ పలనాటివారికి తెలియనిది కాదు. పలనాటికి వచ్చిన శ్రీనాథ మహాకవి సన్నబియ్యపు అన్నము దొరకక, జొన్నకూడు మింగుడుపడక పెట్టిన మొర చాటుపద్యములై నేటికిని నిలిచియున్నది. తెలుగునేలమీదనే ఒక సీమనుండి మరియొక సీమకు వచ్చిన మహాకవికే కూడు కుదరలేదు. ఏడు సముద్రములు దాటిన పిల్లవానికి కుదురునా? గాంధీ దినమునకు పది పండ్రెండు మైళ్ళు నడచి వెదకి వెదకి ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొనెను. ఇంగ్లండు చేరినది మొదలు కడుపునిండ తినుట ఆనాడే అని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

ఆయన చేసిన రెండవ పని లెక్క వ్రాయుట. బండికూలి, తపాలబిళ్ళ, వార్తాపత్రికకు ఇచ్చిన రాగినాణెము, ఏదియు విడువక వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు నిలువ సరిచూచుకొనెడివాడు. ఆ పుస్తకము చూచుకొనగా ఖర్చు ఎక్కడ కారిపోవుచున్నదో తెలిసెను. రెండు గదులు విడిచి ఒక గదికి మారెను. బండి మాని నడక పట్టెను. ఒక పొయ్యి కొని ఉదయమున ఓట్ల జావ, రాత్రి రొట్టెతో కోకో తానే కాచుకొని దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడిపెను. తరువాతి కాలమున లక్షలకొలది ప్రజాధనము ఆయన చేతిమీదుగా నడచినను అప్పు పడకుండుటకు మూలము ఆ చిన్న లెక్కపుస్తకమేయని ఆయనే వ్రాసికొన్నాడు. చదువు చెప్పిన న్యాయశాస్త్ర గ్రంథములు ఎన్నో ఉండవచ్చును. జీవితాంతము తోడు వచ్చిన పుస్తకము మాత్రము ఇది.

నాటి బ్యారిస్టరు చదువులో ఒక విచిత్రము ఉండెడిది. పరీక్షలతోపాటు విందులు కూడ హాజరులో చేరెడివి. ప్రతి విద్యాఖండమున ఇన్ని విందులకు కూర్చుండవలెనని నియమముండెడిది. నలుగురికి ఒక బల్ల, నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారాయము. గాంధీ త్రాగడు కనుక మిగిలిన మువ్వురికి రెండు సీసాలు దక్కును. అందుచే ఆయనను తమ బల్లకు రమ్మని పిలుచుటలో పోటీ యుండెడిది. కచుని బూడిదను సురలో కలిపి త్రాగించిన పిమ్మటనే శుక్రుడు బ్రాహ్మణులకు సుర నిషేధించెనని భారతము చెప్పుచున్నది. ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క కథ ఉండును.

చలి సంగతి చెప్పుటకు శ్రీనివాస రామానుజన్ చాలును. మద్రాసు పోర్టుట్రస్టులో లెక్కల శాఖ గుమాస్తాగా ఉన్న ఆ గణితవేత్త 1914 ఏప్రిలులో ఇంగ్లండు చేరెను. కేంబ్రిడ్జిలో ఆయనను చూడవచ్చిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, రాత్రులు చలి బాగుగా కాచుకొనుచున్నారా అని అడిగెను. కోటు కప్పుకొని, శాలువ చుట్టుకొని పరుండినను చలి ఆగుటలేదని రామానుజన్ చెప్పెను. మహలనోబిస్ పడకగదిలోనికి పోయి చూడగా మంచముమీద కంబళ్ళు ఎన్నియో ఉన్నవి. ఆ దేశపు అలవాటు చొప్పున వాటిని పరుపు క్రిందికి దోపి బిగించియుంచిరి. వాటి నడుమకు దూరి పరుండవలెనని ఆయనకు ఎవరును చెప్పలేదు. అనంతములను వేళ్ళమీద ఆడించిన మేధావి కంబళులపైననే చలికి వణకుచు రాత్రులు గడిపెను. ఈ కథ విని నవ్వువారు నవ్వవచ్చును. కాని పరదేశమున తెలియని చిన్నసంగతి అడుగుటకు కలుగు జంకు ఎంతటిదో ఇది తెలుపుచున్నది. ఆయన 1919లో రోగియై తిరిగివచ్చి, మరుసటి సంవత్సరము ఏప్రిలు 26న ముప్పది రెండేండ్లకే కన్నుమూసెను.

ఇక తెలుగు విద్యార్థి ఒకని కథ కొంత విపులముగా చెప్పవలసియున్నది. వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించెను. తండ్రి జోగయ్యపంతులు న్యాయవాది. 1913లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, గిరి న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు రాజధానియైన డబ్లిను చేరెను. అక్కడ రెండు చోట్ల చదువు. న్యాయవాద పట్టమునకు కింగ్స్ ఇన్స్ అను సంఘము. కళాశాల చదువునకు యూనివర్సిటీ కాలేజి. 1914-15లో ఆ కళాశాలయందు న్యాయశాస్త్ర తరగతిలో కూర్చున్న మొదటి పదుమువ్వురు భారతీయులలో ఆయన ఒకడు. అంతటితో ఆగక, తోటి విద్యార్థి ఒకనితో కలిసి పూర్తి బి.ఏ. తరగతిలో కూడ పేరు వ్రాయించుకొనెను.

డబ్లిను నగరము లిఫీ నదికి ఇరుదరుల నున్నది. అచ్చట డిసెంబరు మాసమున పగలు ఏడున్నర గంటలే. విద్యార్థి ఉదయము దీపము వెలిగించుకొని లేచి, మరల దీపములు వెలిగిన పిమ్మట గదికి చేరును. కుండపోత వానలు అరుదు. సన్నజల్లు మాత్రము దినముల తరబడి విడువదు. వేసవిలో రాత్రి పది గంటలకును ఆకాశమున వెలుతురు మాయదు. బరంపురపు ఎండకు అలవాటుపడిన శరీరము ఈ రెంటికిని సర్దుకొనవలెను. ఇంటినుండి ఉత్తరము ఓడమీద వారముల తరబడి ప్రయాణము చేసి చేరును. తల్లికి జ్వరమని వ్రాసిన ఉత్తరము అందునప్పటికి ఆ జ్వరము తగ్గినదో లేదో తెలుసుకొనుటకు మరియొక ఉత్తరమునకై ఎదురుచూడవలెను.

కాని గిరికి ఆ నగరము కేవలము చలిదేశము కాలేదు. ఆయన చేరిన 1913లోనే అక్కడి కార్మికులకును యజమానులకును గొప్ప పోరు జరిగెను. సంఘమున చేరమని వ్రాసి ఇచ్చిననేకాని పని ఇయ్యమని యజమానులు తలుపులు మూసిరి. సుమారు ఇరువదివేలమంది కార్మికులు మాసములకొలది పనిలేక ఉండిరి. సంఘకార్యాలయమున వారి బిడ్డలకు గంజి కాచి పోసిరి. ఆ పోరులో జిమ్ లార్కిన్, జేమ్స్ కొనొలీ అనువారు నాయకులు. ఐర్లండు కూడ నాడు ఆంగ్లేయుల ఏలుబడిలోనిదే. తమవలెనే పరపాలనలో నలుగుచున్న తెల్లవారు ఉన్నారని తెలియుటయే భారతీయ విద్యార్థికి మొదటి పాఠము.

1914 ఆగస్టులో ప్రపంచ యుద్ధము వచ్చెను. దక్షిణాఫ్రికానుండి గాంధీ లండను చేరెను. గిరి డబ్లినునుండి పోయి ఆయనను కలిసెను. యుద్ధమున గాయపడినవారి సేవకు రెడ్‌క్రాసులో చేరుమని గాంధీ కోరగా గిరి సరే యనెను. తరువాత మనస్సు మారి పశ్చాత్తాపపడెను. గాంధీ ఆయనను ఆ మాటనుండి విడిపించి, ఆ సంగతి ఒకరికి తెలియనీయలేదట. ఇరువదేండ్ల పిల్లవాడు పెద్దలకు ఇచ్చిన మాటకును, తన మనస్సునకును నడుమ నలుగుట సామాన్యమైన బాధ కాదు.

అదే కాలమున భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికాలో మనవారు పడుచున్న అవమానములను గూర్చి ఒక కరపత్రము తయారుచేసిరి. ప్రభుత్వపు రహస్య శాఖవారు దానిని మధ్యలోనే పట్టుకొనిరి. నాటినుండి ఆ విద్యార్థుల రాకపోకలపై పోలీసు కన్ను పడెను. అయినను ఐరిష్ పత్రికలలో భారతీయ విద్యార్థుల వ్యాసములు పేర్లు లేకుండ వెలువడుచునే యుండెను.

కళాశాలలో గిరికి ఆంగ్ల సాహిత్యము చెప్పిన గురువు థామస్ మక్‌డొనా అను కవి. పగలు పాఠము చెప్పును. తక్కిన వేళల స్వచ్ఛందసేనకు పని చేయును. 1916 ఏప్రిలు 24, ఈస్టరు పండుగ మరునాడు సోమవారమున, ఐరిష్ వీరులు నగరపు పెద్ద తపాలాఫీసును ఆక్రమించి స్వతంత్రము ప్రకటించిరి. మక్‌డొనా ఒక దళమునకు నాయకుడు. కళాశాలకు చేరువనున్న సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అను ఉద్యానవనమున వీరులు కందకములు త్రవ్విరి. ఆ తోట చెరువులోని బాతులకు కావలివాడు మేత వేయు వేళ ఇరుపక్షములవారును కాల్పులు ఆపిరని ఆ నగరమున నేటికిని చెప్పుకొందురు. లిఫీ నదిలో నిలిచిన ఆంగ్లేయుల ఓడ ఫిరంగులు పేల్చెను. నడివీధులు కాలిపోయెను. శనివారమునకు వీరులు లొంగిపోయిరి. ఆ వారమున చనిపోయినవారు ఇంచుమించు ఐదువందలమంది. అందు సగముకంటె ఎక్కువమంది ఏ పక్షమునకును చెందని సామాన్య పౌరులు.

మే 3వ తేదీ వేకువను మక్‌డొనాను చెరసాలలో కాల్చి చంపిరి. తరగతిలో పాఠము చెప్పిన గురువు ఆ విధముగా పోయినపుడు, పుస్తకము తెరచిన శిష్యునకు అక్షరములు ఎట్లు కనబడియుండునో ఊహింపవలసినదే. కొద్దిదినములకు కొనొలీని, గాయములతో నిలువలేకున్నందున కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి.

ఈ నాయకులతో సంబంధము ఉన్నదని గిరిపై అనుమానము. జూను 1న ఆయనకు దేశము విడువవలెనను ఉత్తరువు అందెను. గడువు జూలై 1. చేతిలో ముప్పది దినములు. జూను 21న కింగ్స్ ఇన్స్‌వారు ఆయనకు న్యాయవాద పట్టమిచ్చిరి. ఇక మిగిలినది పది దినములు. బి.ఏ. పూర్తి కాలేదు. అది ఎన్నటికిని పూర్తి కాలేదు. మూడేండ్ల ఖర్చు వ్రాసిన పుటలో సగము జమ కనబడదు. లెక్క తెలిసిన తండ్రి ఎవడైనను ఆ పుట చూచి నిట్టూర్చక మానడు.

కాని ఆ లెక్క అక్కడ ముగియలేదు. తిరిగి వచ్చి న్యాయవాదియైన గిరి కొలది ఏండ్లకే రైల్వే కార్మికుల పక్షమున నిలిచెను. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించెను. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండుమారులు అధ్యక్షుడయ్యెను. స్వతంత్ర భారతమున కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల తగవులో ప్రభుత్వము చేసిన నిర్ణయము నచ్చక 1954లో ఆ పదవిని విడిచెను. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉండెను. డబ్లిను వీధిలో గంజికై నిలిచిన కార్మికుల బిడ్డల పాఠము ఏ పట్టములోను వ్రాయబడలేదు. కాని ఆయన జీవితమంతయు నడచినది ఆ పాఠముపైననే.

ఇంచుమించు అదే కాలమున ఎడింబరో నగరమున మరియొక తెలుగువాడు చదువుచుండెను. ఆయన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టము ఆ విశ్వవిద్యాలయముదే. సీమకు పోయినవారు సీమ వేషమునకును సీమ భాషకును దాసులగుదురని నాటి పెద్దల భయము. గోపాలకృష్ణయ్య విషయమున జరిగినది వేరు. పరదేశమున ఆనందకుమారస్వామితో కలిగిన మైత్రి ఫలముగా, నందికేశ్వరుని అభినయదర్పణమును ఇరువురును ఆంగ్లమునకు తెచ్చిరి. అది 1917లో అచ్చయినది. ఇంటికడ ఉన్నవారు మరచిన గ్రంథము దూరమునకు పోయినవానికి జ్ఞాపకమునకు వచ్చెను. తిరిగి వచ్చిన పిమ్మట ఆయన 1921లో చీరాల పేరాలలో పురపాలక పన్నులకు ఎదురుతిరిగిన ప్రజలను నడపెను. వేలాదిమంది ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని మాసములకొలది నివసించిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో, ఈ దుర్గికి చేరువలోని మించాలపాడున, పశువుల మేతపై వేసిన పుల్లరి చెల్లింపమని నిలిచిన కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. హనుమంతు ఏ సీమకును పోలేదు. ఎడింబరోలో అర్థశాస్త్రము చదివిన వానికిని, మించాలపాటి బీళ్ళలో పశువులను మేపిన రైతునకును అన్యాయపు పన్ను విషయమున తోచినది ఒక్కటే. చదువు మనిషిని తనవారికి దూరము చేయనపుడే అది చదువు.

గ్రంథాలయ రజతోత్సవమున ఒకని పేరు విడువరాదు. షియాలి రామామృత రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు 1924 జనవరిలో అధికారియయ్యెను. గణితోపాధ్యాయునకు ఆ ఉద్యోగము మొదట రుచింపలేదు. పలుకరించువారు లేని గదిలో కూర్చుండలేక మరల కళాశాలకే పోయెదననెను. ముందు లండను పోయి రమ్మనియు, అప్పటికిని రుచింపకున్న చూతమనియు పెద్దలు చెప్పిరి. లండనులో యూనివర్సిటీ కాలేజియందు ఆ శాస్త్రమును చదివి, ఆ దేశమున నూరుకు పైగా గ్రంథాలయములను తిరిగి చూచెను. పనివాడు, గృహిణి, బాలుడు పుస్తకమునకై లోనికి వచ్చుట అక్కడ కనులార చూచెను. ఒకనాడు సెల్ఫ్రిడ్జ్ అను పెద్ద దుకాణమున పిల్లల ఆటవస్తువు ఒకటి కనబడెను. చిన్న చిన్న ఇనుపపట్టీలను మరలతో బిగించి ఒకమారు బండిగాను, ఒకమారు వంతెనగాను కట్టవచ్చును. పుస్తకముల విషయములను కూడ అట్లే చిన్న భాగములుగా విడదీసి కూర్పవచ్చునని ఆయనకు స్ఫురించెను. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణమునకు అది బీజము. 1925లో తిరిగి వచ్చి మరల ఆ కుర్చీలోనే కూర్చుండెను. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ శాసనమునకు ఆయన కృషియే మూలము. బొమ్మలకొట్టుముందు క్షణకాలము నిలిచిన ఆ విద్యార్థి మూలమున ఊరూర పుస్తకపు బీరువా తలుపు తెరచుకొన్నది.

నేడు పలనాటి ఇండ్లనుండి కూడ ఐర్లండునకు, జర్మనీకి, ఇంగ్లండునకు పిల్లలు పోవుచున్నారు. ఉత్తరమునకై వారములు వేచియుండనక్కరలేదు. ఫోనులో ముఖము చూచి మాటాడవచ్చును. కాని చలి మారలేదు. ఒంటిగదిలో పండుగనాటి రాత్రి మారలేదు. తండ్రి చేసిన అప్పు వడ్డీతో పెరుగుట అసలే మారలేదు. ఫోనులో "బాగున్నావా నాయనా" అని తల్లి అడుగగా, బాగున్నానమ్మా అని చెప్పు పిల్లవాడు ఆ రాత్రి ఏమి తినెనో ఆ తల్లికి తెలియదు. కంబళి నడుమకు దూరవలెనని చెప్పువారు లేని పిల్లలు నేటికిని ఉన్నారు.

కావున ఈ సభాముఖమున రెండు విన్నపములు. పిల్లలను పంపు తలిదండ్రులు, పట్టము వచ్చినదా, ఉద్యోగము వచ్చినదా అను రెండు ప్రశ్నలతోనే లెక్క మూయవలదు. గిరి బి.ఏ. పూర్తి కాలేదన్న సంగతి జ్ఞప్తియందుంచుకొని, అడిగిన ప్రతిమారును ముందు తిండి, నిద్ర అడుగవలెను. ఇక పోవు పిల్లలు, తాము చూచినదానిని, తిన్నదానిని, పడ్డ తిప్పలను, నేర్చిన పనిని రెండు పుటలుగా తెలుగులో వ్రాసి ఈ గ్రంథాలయమునకు పంపవలెను. ఇక్కడ ఒక దస్త్రముగా కుట్టించి ఉంచినచో, రేపు పోబోవు పిల్లవాడు చదువుకొని సగము భయము విడుచును. పోలేని పిల్లవాడు చదివి, ఉన్నచోటనే ఆ నగరమును చూచును.

కచుడు తెచ్చిన విద్య కచునకు పనిచేయలేదు. నేర్చినవారికి పనిచేసినది. ఈ గ్రంథాలయము అట్టి విద్యలకు నిలువ పుస్తకమై, మరి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపుకొనుగాక.

స్వస్తి.